బురదలోకి దిగొద్దన్న గొంతు

"అయితే ఆ మాట నువ్వు అనలేదంటావు."

"గొంతు నాదే పిన్నీ. ఇందాకటి నుంచీ అదేగా మొత్తుకుంటున్నాను. ఆ మాట మాత్రం నేను చెప్పలేదు."

"నోరు నీదైతే మాట ఇంకెవరిదే?" అని మంగ ఫోన్ పెట్టేసింది.

ఏలూరులో తన వంటింటి గట్టు దగ్గర విజయకుమారి అలాగే నిలబడిపోయింది. తల్లి పోయాక కొల్లేటి లంకలో తనని పెంచింది ఆ పిన్నే.

విజయకుమారిని మీరు చూసి ఉండరు గానీ, విని ఉంటారు. తాడేపల్లిగూడెంలో చీరల డిస్కౌంటన్నా, గణపవరంలో కంటి పరీక్షల శిబిరమన్నా, ఆటో మైకులో వెళ్ళే ఆ తియ్యటి ఆడగొంతు ఆమెదే. ఒకరి దగ్గర జీతానికి లేదు. ఎవరు అడిగితే వాళ్ళకి చదివి పంపుతుంది. స్టూడియో అంటే దుప్పటి. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, నిండా ముసుగేసుకుని ఫోన్లో చదవడమే. చెమటతో తడిసి బయటికొచ్చేసరికి, 'కొంచెం హుషారుగా ఇంకోసారి మేడమ్' అని మెసేజ్ సిద్ధంగా ఉంటుంది. ఒక బట్టల కొట్టాయనైతే ఆమె పంపినదాన్ని బావమరిదికీ, బేరానికొచ్చిన వాళ్ళకీ వినిపించి తలా ఒక మార్పూ చెప్పించేవాడు. "నోటితో అనేదేగా, మీకేం అరిగిపోద్దండీ?" అనేవాడు.

గుండుగొలనులో చేపల మేత అమ్మే శివాజీ అలాంటివాడు కాదు. అండీ లేకుండా మాట్లాడడు. కాకపోతే సరిగ్గా కంచం ముందు కూర్చున్నప్పుడే ఫోన్ చేసి, ఊరి పేరు మారిందండీ అంటాడు, వారం మారిందండీ అంటాడు. మాటిమాటికీ దుప్పట్లో దూరలేక విజయకుమారే ఒక ఉపాయం ఆలోచించింది. కొల్లేటి ఊళ్ళ పేర్లు, వారాలు, మేత బేరాలకీ, చెరువుల్లో మందు చల్లే రోజు హెచ్చరికలకీ అతను రాసిచ్చే 'గ్రామ మహిళలకు', 'చెరువులోకి', 'అనుమతి లేదు', 'చర్యలు తీసుకోబడును' లాంటి ముక్కలన్నీ విడివిడిగా చదివి పంపేసింది. మీకు కావలసినట్టు అతికించుకోండని కూడా తనే చెప్పింది. ఇద్దరికీ సుఖమే అనుకుంది.

ఈ ఏడు శివాజీ ఆమె ఊళ్ళోనే చెరువులు లీజుకి తీసుకున్నాడు. అక్కడ చేపల పట్టుబడి అయిపోయి వలలు లాగేశాక, బురదలో మిగిలిన జెల్లలూ మట్టగిడసలూ ఊరి ఆడవాళ్ళవి. ఎవరి చెరువైనా అంతే. పిన్ని ఫోన్ వచ్చిన రోజు పొద్దున కూడా, అతని మొదటి చెరువు పట్టాక, అలాగే బుట్టలతో దిగారు. గట్టు మీద ఆటో ఆగింది. గ్రామ మహిళలకు చెరువులోకి అనుమతి లేదు, చర్యలు తీసుకోబడును అంది మైకు. మోకాలి లోతు బురదలో ఉన్న మంగ వైపు అందరూ తిరిగి చూశారు. "మీ అమ్మాయేగా" అంది ఎవరో.

మర్నాడు విజయకుమారి బస్సెక్కి గుండుగొలను వెళ్ళింది.

"అంత దూరం నుంచి వచ్చారేంటండీ, ఫోన్ చేస్తే సరిపోయేదిగా" అన్నాడు శివాజీ. కూర్చోమనలేదు.

"నన్నొక మాట అడగాల్సిందండీ."

"ముక్కలు మీరే పంపారు. అతికించుకోమందీ మీరే."

"మేత అమ్ముకోమని ఇచ్చానండీ. మా వాళ్ళని గట్టు ఎక్కించమని కాదు."

"అందుకేనండీ మీ గొంతు పెట్టింది." నవ్వాడతను. "నేను చెప్తే మీద పడతారు. మీరైతే వాళ్ళింటి ఆడపిల్ల. చూడండి, నోరెత్తకుండా పోయారు."



"ఆ ప్రకటన ఆపించెయ్యండి" అంది విజయకుమారి.

"మైకు ముక్కకి ఇంత రాద్ధాంతం దేనికండీ? మిగతా చెరువుల్లో కూడా చేపలు పట్టాలి కదా. అన్నట్టు కొత్త మేత ప్రకటనొకటుంది, ఇంటికెళ్ళగానే పంపేద్దురూ."

బయట ఆ ఆటో ఆగి ఉంది. డ్రైవరు సీమోను ఆమె గొంతు విని గుర్తుపట్టి సీటు దులిపాడు. "కూర్చోండి మేడమ్. నాకేం తెలీదండీ, పెన్‌డ్రైవ్ ఇచ్చారు, తిప్పాను. ఆనక మీ ఊరోళ్ళు నన్నూ కడిగేశారు. ఎవరు పిలిస్తే వాళ్ళ బండే కదండీ నాది" అన్నాడు.

తిరుగు బస్సులో పిన్నికి వాయిస్ మెసేజ్ పెడదామని ఫోన్ తీసింది, మళ్ళీ సంచిలో వేసేసింది. ఫోన్లోంచి వచ్చే తన గొంతుని ఆ ఊళ్ళో ఇంకెవరు నమ్ముతారు? అదే ఆటోలో, మైకు పట్టుకుని, మొహం కనపడేలా కూర్చుని, పిన్ని ఇంటి ముందు ఆగి, ఆ మాట తనది కాదని తనే చెప్పాలి. చెప్తే శివాజీ పోతాడు. అతని పేరు చెప్పుకుని వచ్చిన కొట్లవాళ్ళూ పోతారు. పోతే పోయారు.

పొద్దున్నే, సీమోను బండి తియ్యకముందే అతనికి ఫోన్ చెయ్యాలి. ముందు సంగతంతా చెప్పాలి, శివాజీకి కోపం వస్తుందని కూడా దాచకుండా చెప్పాలి. ఆ తర్వాతే అడగాలి, వస్తారా అని.