జమున మేడం నడిపించిన దారి

తడిసిన రెయిన్‌కోట్ల రబ్బరు వాసన మా వరండా అంతా కమ్ముకుంది. దుకాణానికి నడిచి వెళ్లొచ్చిన మా ఆయనది ఒకటి, కూరగాయలకు వెళ్లొచ్చిన నాది ఒకటి, దండెం మీద నీళ్లోడుతున్నాయి. వాటి వెనక మా కారు కవరు కప్పుకుని పొడిగా నిలబడి ఉంది. వానలో మనుషులు తడుస్తారు, కారు మాత్రం ఇంట్లో ఉంటుంది అని జనగామలో మా వీధివాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. నాకైతే ఆ వాసన తగిలినప్పుడల్లా జమున మేడం గుర్తొస్తారు.

నేను పాఠాలు చెప్పే బడికి ఆమె ప్రధానోపాధ్యాయురాలు. గంగారం దగ్గరి తండాలో పుట్టి, అడవి దారిలో నడిచి చదువుకున్న మనిషి. అమ్మ నుంచి ఫోన్ వస్తే లంబాడీలో గలగలా మాట్లాడేవారు. మాతో మాత్రం తక్కువ మాటలే. ఎవరినీ గట్టిగా కోప్పడగా చూడలేదు కానీ, ఒకసారి అనుకున్నాక ఆమెను వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు.

మాది ఎరువుల దుకాణం. మా ఆయన రమేష్ ముచ్చటపడి పాత కారొకటి కొన్నారు. బడికి మా ఇంటి నుంచి పావుగంట నడక. అయినా నన్నూ, మా పాప మనస్వినీ రోజూ కారులోనే దింపేవారు. పాలకూ కారే, పక్క వీధిలో పేరంటానికీ కారే. మొదట్లో నాకు గొప్పగానే ఉండేది. బడి గేటు ముందు మాలాంటి వాళ్ల కార్లు, ఆటోలు, హారన్లు, పొగ. వాటి మధ్య సందు దొరికిన చోటల్లా దూరి లోపలికి పరుగెత్తే పిల్లలు.

ఒకరోజు ఆ గుంపులో వెనక్కి తిప్పుతున్న కారు చక్రం కింద రెండో తరగతి పాప పాదం పడింది. ఆ అరుపుకు మేడం ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చి, పాపను ఎత్తుకుని ఎదురుగా ఉన్న ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. పాదం ఎముకలు విరిగాయి. ఆమె సాయంత్రం తిరిగొచ్చేసరికి మేము టీచర్లం ఆ కారు ఎవరిదని వాదించుకుంటున్నాము. మేడం కొంగు మీద రక్తం మరక ఇంకా ఉంది.

“కారు ఎవలిదైతేంది? అందరం గట్లనే వస్తున్నం. నేను సుత నా కారుల్నే వస్తున్న,” అన్నారు. “రేపటి సంది అది ఇంట్లనే ఉంటది. దగ్గరి పిల్లలందరు గుంపుగ నడిచి వస్తరు. మనం ఎంబడి ఉందాం.”

“ఎండ, వాన, కుక్కలు... తల్లిదండ్రులు ఒప్పుకోరు మేడం,” అన్నాను.

“నిజమే సరితా. అందుకే ఒక్కళ్లను పంపుమంటలేను. మీ గల్లీ నుంచే మొదలువెడుదాం.”

ఆ మాట ఇంట్లో చెబితే మా ఆయన ముఖం మాడ్చుకున్నారు. “కారు వాకిట్ల పెట్టుకొని నడుసుడేంది? దుకాణం దెబ్బతిన్నదనుకుంటరు నలుగురు.” మా అత్తమ్మ వంటింట్లోంచే, “పొల్ల ఎండకు నల్లబడుతది,” అంది.

తెల్లవారి మేడం నలుగురైదుగురు పిల్లలను వెంటబెట్టుకుని మా వాకిట్లో నిలబడ్డారు. “రమేషన్నా, నిన్ను కారు అమ్ముకొమ్మంటలేను. మీ అమ్మను దవాఖానకు తోలుకపో, తరిగొప్పులల్ల సుట్టాలింటికి పో. ఈ పావుగంట తొవ్వ ఒక్కటి పిల్లలకు ఇడిసిపెట్టు,” అన్నారు. అంతమంది పిల్లల ముందు ఆయన కాదనలేకపోయారు.

అలా మొదలైంది. కారులో నిద్రమొహంతో కూర్చునే మా పాప, దారిలో జామకాయలమ్మే అవ్వతో దోస్తీ కట్టింది. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏది ఊరికే మొరుగుతుందో నాకే నేర్పింది. గుంపు పెరిగింది. గేటు ముందు హారన్లు తగ్గాయి.

వానాకాలం వచ్చాక చౌరస్తా మలుపులో రెయిన్‌కోట్లలో నడుస్తున్న ఆ గుంపు మీదికే ఒక కారు దూసుకొచ్చింది. మేడం ఇద్దరు పిల్లలను పక్కకు నెట్టి తాను పడిపోయారు. తొడ ఎముక విరిగింది. “నడుసుడు వద్దని నేను చెప్పలేదా? రేపటి సంది కారుల్నే పోవాలె,” అన్నారు మా ఆయన. నేను దవాఖానకు బయల్దేరాను.

దవాఖానలో మేడం మొదట అడిగింది పిల్లల గురించే. ఎవరికీ దెబ్బ తగల్లేదని చెప్పాను.

“మరి రేపు ఎవలు నడిపిస్తరు?”

నేను ఆమె దుప్పటి సర్దసాగాను.

“భయమైతుందా?”

“అయితుంది మేడం.”

“నాకు సుత అయితుంది. కని భయానికి అందరం కార్లెక్కితే ఆ తొవ్వ మీద కార్లే పెరుగుతయి. కార్లు లేనోళ్ల పిల్లలు ఎట్లయినా నడువాలె గదా సరితా. వాళ్లు ఒంటరైతరు.”

తెల్లవారి జల్లు పడుతోంది. మా ఆయన కారు తీసి గేటు ముందు పెట్టారు. మనస్వి నా ముఖం చూసింది. పెళ్లయిన నాటి నుంచి ఆయన మాటకు ఎదురు చెప్పినదాన్ని కాదు.

“మేం నడిచి పోతం,” అన్నాను.

“పిచ్చి లేసిందా నీకు? నిన్ననే గదా అంత అయింది!”

“అయింది గనుకనే పోతున్న.”

పిల్లల కోసం దారిలో పిలిస్తే కొన్ని ఇళ్ల తలుపులు తెరుచుకోలేదు. చౌరస్తా చేరేసరికి నా వెంట నలుగురే పిల్లలున్నారు. లారీలు, కార్లు ఆగకుండా పోతున్నాయి. చెయ్యెత్తాను కానీ అడుగు ముందుకు పడలేదు. అంతలో వెనక నుంచి ఎవరో వేగంగా వచ్చి రోడ్డు మధ్యలో రెండు చేతులూ చాపి నిలబడ్డారు. “ఆపుండ్రి! పిల్లలు పోతుండ్రు కనబడ్తలేదా!” మా ఆయన. కారు ఇంటి దగ్గరే వదిలేసి, తల మీంచి నీళ్లు కారుతుంటే అలాగే నిలబడి మమ్మల్ని దాటించారు. బడి దాకా మాతోనే వచ్చారు. అక్కడి నుంచి దుకాణానికి నడిచే వెళ్లారు. ఆ తర్వాత ఆయనే తల్లిదండ్రులను కూడగట్టుకుని పురపాలక కార్యాలయం చుట్టూ తిరిగి, ఆ మలుపులో స్పీడు బ్రేకర్ వేయించారు.

మేడం చేతికర్రతో తిరిగొచ్చారు. పదవీ విరమణ దాకా కుంటుతూనే మాతో నడిచారు. తర్వాత భూపాలపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. చివరిసారి చూడ్డానికి నేను బస్సులో ఘనపూర్ మీదుగా వెళ్లాను. ఆమె కాలు వైపు చూస్తూ, చాలా కాలంగా మనసులో ఉన్నది అడిగాను. “గా నడక మొదలువెట్టకుంటే బాగుండునని ఎన్నడన్న అనిపించిందా మేడం?”

“అనిపించింది. దవాఖానల పండుకొని శానసార్లు అనుకున్న,” అన్నారు దాచకుండా. “మీరు తెల్లారే నడిచిండ్రని ఎరుకైనంక ఇగ అనుకోలే.”

ఇప్పుడామె లేరు. మా కారు అత్తమ్మ దవాఖానకూ, దూరపు ఊళ్లకూ బయటికొస్తుంది. బడికి నేను పిల్లలతో నడిచే వెళ్తాను. ఈ ఏడు కొత్తగా ఒకటో తరగతిలో చేరిన పిల్ల తల్లి, మొన్న వాళ్ల ఇంటి గేటు పట్టుకుని, బిడ్డ చెయ్యి వదలలేక నిలబడింది. “ఏం కాదు గద అక్కా? నాకు భయమైతుంది,” అంది. ఏమీ కాదని మాట ఇవ్వడం నాకు చేతకాదు. జమున మేడం నాకు అలాంటి మాట ఎన్నడూ ఇవ్వలేదు.

“నాకు సుత భయమే చెల్లె,” అన్నాను. “పా, కలిసి నడుద్దాం.”