దువ్వాడ కరివేపాకు

ఆ రోజుల్లో ఎవరైనా "మీ కాపురం ఎక్కడండీ" అని అడిగితే వన్ టౌన్‌లో అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే అది పూర్తి నిజం కాదనిపిస్తుంది. తినడం, పడుకోవడం, వంతుల వారీగా స్నానాలు చెయ్యడం వన్ టౌన్‌లోనే. కాపురం మాత్రం రోజూ పొద్దున్న కాన్వెంట్ జంక్షన్ దగ్గర మొదలై, పోర్టు లారీల మధ్య నుంచి షీలానగర్, గాజువాక దాటుకుని, దువ్వాడ స్టేషన్ రోడ్డులో ముగిసేది. అంతా నా నల్ల బండి మీదే. మా ఆవిడ దువ్వాడలో ఓ కాలేజీలో లెక్కలు చెప్పేది. నేను ఆవిణ్ణి అక్కడ దింపి, అచ్యుతాపురంలో మా ఫ్యాక్టరీకి వెళ్ళిపోయేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ ఎక్కించుకుని వచ్చేవాణ్ణి.

బండి మీద కాపురమేమిటని నవ్వకండి. మా ఇల్లు చూస్తే మీకే తెలుస్తుంది. పాత పెంకుటిల్లు. గదుల మధ్య గోడలున్నాయి గానీ కప్పు దాకా లేవు, మనిషెత్తు కంటే కాస్త పైకి వెళ్ళి ఆగిపోయాయి. ఆ పైనంతా గాలి, వెలుతురు, మాటలు ఇల్లంతా తిరుగుతుంటాయి. మా గదిలో నేను తుమ్మితే అవతలి గదిలోంచి నాయనమ్మ "సిరంజీవ" అనేది. పైగా మా ఆవిడ నాకు స్వయానా మేనమామ కూతురు. తను పుట్టినప్పటి నుంచి "అత్తా" అని పిలిచిన మనిషి ఇంట్లో, ఆ అత్తకి వినపడేలా మొగుడితో సరసమాడడం గానీ, దెబ్బలాడడం గానీ ఎలా కుదురుతుంది? అందుకే రెండూ దారికే అట్టిపెట్టుకునేవాళ్ళం.

బండి మీద ఆవిడ మొహం నాకు కనపడదు, చెయ్యి ఒక్కటే తెలుస్తుంది. నా భుజం మీద ఉంటే అంతా బాగున్నట్టు. మా ఇద్దరి మధ్య ఉండే క్యారేజీ సంచి మీదికి వెళ్ళిందంటే నేనేదో అనకూడనిది అన్నట్టు. వెనకాల ఇనుప కడ్డీని పట్టుకుందంటే యుద్ధమే. ఆ యుద్ధం షీలానగర్ దగ్గర మొదలైనా, గాజువాక ట్రాఫిక్‌లో చల్లారి, కూర్మన్నపాలెం వచ్చేసరికి చెయ్యి మళ్ళీ భుజం మీదికి చేరిపోయేది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క దెబ్బలాట కూడా కూర్మన్నపాలెం దాటలేదు. మా అమ్మయితే వీధిలో అందరికీ "మావోళ్ళిద్దరూ ఒక్క మాటా అనుకోరు" అని చెప్పుకుని మురిసిపోయేది.

అలాంటిది ఓ రోజు షీలానగర్ దాటాక మా ఆవిడ నా హెల్మెట్ దగ్గరికి వంగి, "బావా, మా కాలేజీ ఎనకాల రెండు గదుల వాటా కాళీగున్నాది. అడగమంటావా?" అంది.

"ఎవులికి?"

"మనకే."

నేను బొగ్గు లారీ పక్కకి వెళ్ళబోయి సర్దుకున్నాను. "అమ్మా వోళ్ళనొగ్గేసా?" అన్నాను.

"ఒగ్గేద్దారని నానన్నానా? వాటా అన్నాను."

"ఇక్కడ నీకేటి తక్కువైంది?"

ఈ మాట అనగానే చెయ్యి కడ్డీ మీదికి వెళ్ళిపోయింది. గాజువాక దాటింది, కడ్డీయే. కూర్మన్నపాలెం వచ్చింది, కడ్డీయే. దువ్వాడలో దిగి, హెల్మెట్ తీసి సంచిలో కుక్కుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం తేల్చుకుందాంలే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే వాళ్ళ కాలేజీకి సెలవిచ్చేశారు, ఆవిడ బస్సెక్కి ఇంటికొచ్చేసింది. మా ఫ్యాక్టరీలో మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్ళని ఆగమని, మాలాంటి కాగితాల వాళ్ళని మాత్రం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఇళ్ళకి పొమ్మన్నారు. ఆ తర్వాత లాక్‌డౌన్ అన్నారు. దేశమంతా రోగానికి భయపడుతుంటే, నేను దానికీ భయపడ్డాను, దారిలో ఆగిపోయిన మా దెబ్బలాటకీ భయపడ్డాను.

మొదటి వారం హాయిగానే ఉంది. బొగ్గు ధూళి లేదు, చొక్కా కాలరు తెల్లగా ఉంది. రెండో వారానికి నాకు ఆ బొగ్గు ధూళి మీదే బెంగ పట్టుకుంది. మా ఆవిడ పక్కగదిలో ఫోన్ ముందు కూర్చుని పిల్లలకి లెక్కలు చెప్పేది. నాకు వేళకి టీ తెచ్చి "తీసుకో బావా" అనేది, అదీ ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకి నా ప్రాణం పోయేది. ఓ రోజు ఉండబట్టలేక ఫోన్‌లో "కోపమా?" అని మెసేజ్ పెట్టాను. "లేదు." అని వచ్చింది. లేదు పక్కన చుక్క పెట్టింది. అంతకుముందెప్పుడూ ఆవిడ చుక్క పెట్టి ఎరగదు. ఆ పూట మీటింగంతా నేను ఆ చుక్కనే చూస్తూ కూర్చున్నాను. (మేనేజరు గారు నన్నేదో అడిగితే, "లేదు సార్" అన్నాను. అది ఔననాల్సిన ప్రశ్నట.) గుసగుసగా మాట్లాడదామని చూస్తే గోడ మీంచి నాయనమ్మ "ఏటర్రా ఆ గుసగుసలు, గట్టిగా సెప్పుకోండి, నాకినపడనేదు" అనేది.

అప్పుడే మా మెకానిక్ ఫోన్ చేసి, బండిని అలా వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుందని, రోజూ కాసేపు స్టార్ట్ చేసి ఉంచమని చెప్పాడు. బండిని గుమ్మం ముందు సందులోకి తెచ్చి, పెద్ద స్టాండు వేసి, ఎక్కి కూర్చుని స్టార్ట్ చేశాను. అలవాటు చొప్పున హెల్మెట్ కూడా పెట్టుకున్నాను. బట్టలు ఆరెయ్యడానికి వచ్చిన మా ఆవిడ నన్ను చూసి పకపకా నవ్వింది. దువ్వాడలో దిగి వెళ్ళిన తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు.

"ఎక్కు" అన్నాను.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు."

లోపలికి వెళ్ళి తన హెల్మెట్ తెచ్చుకుని, ఎక్కి కూర్చుని, తిన్నగా కడ్డీని పట్టుకుంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. దెబ్బలాట ఎక్కడ ఆగిందో అక్కడే మళ్ళీ అందుకున్నాం.

అమ్మ కిటికీలోంచి చూసి, "ఏటి సేత్తన్నారర్రా?" అంది.

"బ్యాటరీ అమ్మా."

"బ్యాటరీకి ఇద్దరెందుకు?"

"బరువుండాలంట అత్తా" అంది లెక్కల పంతులమ్మ తడుముకోకుండా.

అప్పట్నుంచి రోజూ పొద్దున్న కదలని బండి మీద కూర్చుని దెబ్బలాడుకునేవాళ్ళం. నాన్న సముద్రంలో చేపల వేట లేక అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటూ ఉండేవారు. ఆయన పక్కన నాయనమ్మ. ఇంజన్ చప్పుడులో మా మాటలు ఎవరికి వినపడతాయిలే అన్నది మా ధీమా. వాటా తీసుకుంటే అమ్మ ఏమనుకుంటుందని నేను, అసలు తనడిగింది నాకు అర్థమే కాలేదని తను, అలా రోజులు గడిచాయి. ఓ పొద్దున్న ఆవిడకి విసుగొచ్చేసింది.

"నాకు వాటా వొద్దు బావా. మా అత్తనొగ్గేసి నానెక్కడికెల్తాను? పొద్దునో గంట, సాయంత్రమో గంట నీతో మాటాడుకోడానికి సోటు కావాల. కాలేజీలు మూసేత్తారని అప్పటికే అనుకుంటన్నారు. దారి పోయిందనుకో, గదైనా ఉండాలి కదా. అందుకడిగాను. అదీ ఇడమర్సి సెప్పాలా నీకు?"

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడ్చేస్తానని భయం. "నాకూ నువ్వు నేక ఏటీ తోచట్నేదే. ఒకే ఇంట్లో ఉండి నీ మీద బెంగెట్టుకున్నాను" అన్నాను. కాసేపటికి చెయ్యి వచ్చి నా భుజం మీద వాలింది. ఆ సుఖం నిమ్మళంగా అనుభవిద్దామని ఇంజన్ ఆపేశాను.

సందంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో నాయనమ్మ, "అమ్మయ్య, ఇయ్యాల్టికి తెమిలింది" అంది.

అప్పుడు తెలిసింది మాకు. తలకి హెల్మెట్లు, కింద ఇంజన్. ఒకరి మాట ఒకరికి వినపడడానికి ఇన్నాళ్ళూ అరుచుకుంటున్నాం. రోడ్డు మీదైతే ఆ అరుపులు గాలికి కొట్టుకుపోయేవి. ఇక్కడవి తిన్నగా ఇళ్ళలోకి వెళ్ళాయి. ఎదురింటావిడ చేటలో బియ్యం పెట్టుకుని అలాగే నిలబడిపోయి ఉంది. నాన్న వంచిన తల ఎత్తలేదు గానీ వల మాత్రం నవ్వుకి కదులుతోంది. కిటికీలో అమ్మ లేదు. ఆ పూట మేమిద్దరం హెల్మెట్లు తియ్యకుండానే ఇంట్లోకి వెళ్ళాం. అమ్మ కంచాల్లో అన్నం పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. కొడుకూ కోడలూ వేరు పడాలనుకున్నారని ఆవిడ మనసు కష్టపడి ఉంటుందని మాకిద్దరికీ ముద్ద దిగలేదు.

తర్వాత కొన్నాళ్ళకి రోడ్లు తెరిచారు, ఆఫీసులు మాత్రం తెరవలేదు. ఓ పొద్దున్న అమ్మ పెరటి గుమ్మంలో నిలబడి నన్ను పిలిచింది.

"ఒరే, కరేపాకు నేదు. దువ్వాడెల్లి తెండి."

"దువ్వాడా? కరేపాక్కా?"

"అక్కడది వాసనుంటాది. పిల్లనీ తీసుకెల్లు, నీకు ఏరడం రాదు. కంగారుగా వచ్చీకండి, నిమ్మళంగానే రండి."

అమ్మ వెనకాల పాత పెయింటు డబ్బాలో మా కరివేపాకు మొక్క గుబురుగా ఉంది. దాన్ని చూపించబోతుంటే మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. అమ్మ కాస్త పక్కకి జరిగి, మొక్క నాకు కనపడకుండా చీర కొంగు సర్దుకుంది. ఆ రోజు కాన్వెంట్ జంక్షన్ దాటకముందే మా ఆవిడ నా వీపుకి తలానించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను గానీ, హెల్మెట్ ఉంది కాబట్టి నా పరువు దక్కింది.

ఇప్పుడు ఆఫీసులు తెరిచి చాలా కాలమైంది. ఆవిడకి పొద్దున్నే క్లాసులు, సొంతంగా స్కూటీ కొనుక్కుంది. నాకు ఫ్యాక్టరీ బస్సు వస్తుంది, దాంతోపాటు చిన్న బొజ్జ కూడా వచ్చింది. డబ్బాలోంచి నేలలోకి మారిన మా కరివేపాకు మొక్క పెంకుల ఎత్తుకి పెరిగింది. వీధిలో వాళ్ళంతా వచ్చి కోసుకుపోతుంటారు. ఆదివారం పొద్దున్న మాత్రం అమ్మ దాని నీడలోనే పీట వేసుకుని కూర్చుని, "ఒరే, కరేపాకు అయిపోనాది" అంటుంది. నేను మారుమాట్లాడకుండా రెండు హెల్మెట్లూ దుమ్ము దులిపి తెస్తాను. ఇంత వయసొచ్చినా కూర్మన్నపాలెం దగ్గర ఆవిడ చెయ్యి ఎక్కడుందా అని చూసుకుంటాను.