గడిలో రాసిన నంబరు

ఏప్రిల్ మొదటి సోమవారం ఉదయం ఆరూ పదికి గుంటూరులో అద్దంకి బస్సెక్కాను. వెళ్ళాల్సింది పొదిలి దగ్గర ఒక పల్లెకు. రెండేళ్ళ కిందటి దాకా ఆ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పాను. అక్కడ నా దగ్గర చదివిన మౌనిక మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసింది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి ఆ రోజే ఆఖరు. ఎప్పుడు ఫోన్ చేసినా వాళ్ళన్న శ్రీను ఎత్తి, "చెప్తాలెండి మేడం" అని పెట్టేసేవాడు. నాలుగోసారికి నాకు ఒళ్ళు మండింది. స్కూలుకు సెలవు పెట్టి బయల్దేరాను.

మిర్చి యార్డు ముందు లారీల వరస. అది దాటేదాకా బస్సంతా దగ్గులే. ఆడవాళ్ళకు సున్నా టికెట్టు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. పక్క సీటు పెద్దాయన నా టికెట్టు వంక చూసి, "టికెట్టుకు డబ్బులు పెట్టే పన్లేకపోయేసరికి ఆడోళ్ళు ఇళ్ళల్లో ఉండటంలా అమ్మా" అన్నాడు.

"మీరు ఉన్నారా అండీ ఇన్నాళ్ళూ?" అన్నాను. ఆయన తువ్వాలు మొహాన కప్పుకుని చిలకలూరిపేట దాకా నిద్ర నటించాడు.

ఎనిమిదింబావుకు అద్దంకి. స్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇక్కడే తినడం మేలు. బస్సు మారి పొదిలి చేరేసరికి పదకొండు. అక్కణ్ణుంచి షేర్ ఆటో, ముప్పై రూపాయలు. రోడ్డు పక్కన పత్తి మోళ్ళు, వాటి వెనక కల్లాల్లో ఎర్రగా ఎండుతున్న మిరపకాయలు.

మౌనిక ఊరి బయట వాళ్ళ కల్లంలోనే ఉంది. పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని, రంగు పోయిన తాలుకాయను వేరుచేస్తున్నారు. ఎండకీ ఘాటుకీ అందరూ మగవాళ్ళ పాత ఫుల్‌హ్యాండ్ చొక్కాలు తొడుక్కున్నారు. మౌనిక వేసుకున్నది శ్రీనుది.

"చొక్కా ఇచ్చాడు మేడం. ఫోనే ముట్టుకోనీడు" అంది.

వేపచెట్టు నీడన నా ఫోన్లో దరఖాస్తు తెరిచాం. ఓటీపీ స్కూలు రికార్డులో ఉన్న నంబరుకే వెళ్తుంది. అది శ్రీనుది. శ్రీనేమో రాత్రే కాయ వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్ళాడట. నేను పొద్దున దాటొచ్చిన లారీల మధ్యే ఉన్నాడన్నమాట! ఫోన్ చేశాను.

"బేరంలో ఉన్నా మేడం. అయినా ఆడపిల్లని ఒంగోలు హాస్టల్లో పెడితే ఎవరు చూసుకుంటారు? వద్దులెండి" అని పెట్టేశాడు.

మౌనిక వెళ్ళి మళ్ళీ కాయల ముందు కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

వాళ్ళమ్మ కోటమ్మ వరసలోంచి లేచి వచ్చి మళ్ళీ కలపమంది. "ఒరేయ్ శీనా, నేనురా. రేపు పొద్దున్నే మిగతా కాయకి లారీ అన్నావుగా? మేం చేతులు తీసేశాం. ఆ నంబరేందో చెప్పు, మళ్ళీ పెడతాం."

నేను తిరిగి చూశాను. ఎవరూ చెప్పకుండానే వరసలో మిగతా అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అవతల నుంచి కాటా వాళ్ళ కేకలు మాత్రం వినబడుతున్నాయి. చివరికి శ్రీను ఆరంకెలూ ఒక్కొక్కటే చెప్పాడు. అప్పుడు టైము పన్నెండూ నలభై.

ఇక హాల్ టికెట్టు సమాచారం ఏ నంబరుకు పంపాలనే గడి మిగిలింది. "ఎవరిది వేద్దాం?" అన్నాను.

"మా అమ్మది. చిన్న ఫోనుందిగా. ఎనిమిదో తరగతిలో రికార్డుకని మీరు అడిగినప్పుడూ అదే చెప్పా మేడం. ఆడోళ్ళది వద్దు, ఇంట్లో మగాళ్ళది చెప్పమన్నారు మీరు."

ఆ పిల్ల గొంతులో నిష్ఠూరమేమీ లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

మూడింటికి పొదిలిలో తిరుగు బస్సు, కిటికీ పక్క సీటు, మళ్ళీ సున్నా టికెట్టు. శ్రీనును నాలుగు దులుపుదామని ఇంత దూరం వచ్చాను. పొద్దున బస్సులో ఆ పెద్దాయన నోరు మూయించి మురిసిపోయాను కూడా. శ్రీను చేతికి తాళంచెవి ఇచ్చింది మాత్రం నేనే, నా చక్కటి దస్తూరీతో.

అద్దంకి దాటాక కోటమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, మెసేజొచ్చింది! అమ్మ ఫోనుకే!" అంది మౌనిక. సంతోషమని చెప్పి పెట్టేశాను.

మౌనిక తరగతిలో ఇంకా పదిహేను మంది ఆడపిల్లలున్నారు. వాళ్ళ నంబర్లు రాసిందీ నేనే.