కొట్టు పక్కన ఖాళీ గడి

ఆయన్ని అందరూ గళ్ళ మాస్టారు అనేవారు. నిజానికి ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దుతూ, ఇరవై రెండేళ్ళపాటు దానికి పదకేళి తయారుచేశారు. మాట చివర ఏం చేరుతుందన్నదే ఆయన ఆధారాల్లో మెలిక. 'అందం ఉన్నామె, చివర గత్తె' అని ఒక వారం, 'ఓడినవాడికి దక్కేది, చివర మి' అని ఇంకో వారం.

పక్షవాతం వచ్చాక సరిగ్గా ఆ చివర్లే పోయాయి. మాటలు ఉన్నాయి, వాటిని అతికించే కి, లో, తో లేవు. "నేను... నీళ్ళు..." అని ఆగిపోయేవారు. కావాలో, తాగేశారో, ఒలికిపోయాయో ఆయన భార్య ఊహించుకోవాలి.

మాటలు నేర్పే డాక్టరమ్మ పాత పదకేళులతోనే సాధన చేయించమంది. బట్టలు కుట్టే ఆ ఇల్లాలు ఏనాడూ గళ్ళ జోలికి పోలేదు. "వాటితోనే కాపురం చేసుకోండి" అని దెప్పిన మనిషి, ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మిషను పక్కకి నెట్టి పాత సంచికలు ముందేసుకునేది. ఆయన చెమటలు పట్టేదాకా గళ్ళకేసి చూసి పెన్సిలు విసిరేసేవారు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది.

ఒక ఉదయం ఆవిడ దారం కొనడానికి వెళ్ళినప్పుడు ఆయన అక్క వచ్చింది. తమ్ముడి మోచేయి నల్లగా కమిలి ఉంది.

"ఈ దెబ్బేంట్రా? మీ ఆవిడేదీ?"

"ఆవిడ... కొట్టు" అన్నారాయన.

భార్య తిరిగొచ్చేసరికి ఆయన బట్టలు సంచీలో సర్ది ఉన్నాయి.

"తమ్ముణ్ణి తీసుకుపోతున్నా. నువ్వు కొడుతున్నావని వాడే చెప్పాడు."

"నిన్న స్నానాల గదిలో జారిపడ్డారు, వదినగారూ. నేను కొట్టుకి వెళ్ళాననే చెప్పుంటారు."

"నీకు అనుకూలంగా నువ్వు అతికిస్తున్నావు. నేను విన్నది నేను విన్నాను."

ఆయనకి అంతా అర్థమవుతూనే ఉంది. "కాదు... కొట్టు... కాదు... కొట్టు" అన్నారు. అన్నకొద్దీ అక్క ముఖం గట్టిపడింది.

ఆవిడ కత్తిరింపుల కాగితం మీద గబగబా గళ్ళు గీసింది. వాటిలో 'ఆవిడ', 'కొట్టు' అని రాసింది, ఆ పక్కన ఒక ఖాళీ గడి.

"నువ్వేం అందించకు" అంది వదిన.

"అందించను. ఏమండీ, చివరి గడి నింపండి. ఇదొక్కటి."

ఆయన ఎడమచేత్తో పెన్సిలు పట్టుకున్నారు. 'డు' రాసి కొట్టేశారు. ఏదో గీసి అదీ కొట్టేశారు. కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, చివరికి కాగితం చిరిగేంత ఒత్తి 'లో' అని రాశారు.

ఆవిడ కొట్టులో.

అక్క రెండుసార్లు చదివింది. సంచీలోని బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. "ఇంత అవస్థ పడుతున్నావని నాకొక్క మాటైనా చెప్పలేదేమ్మా?" అంది.

ఆవిడ మిషను ముందు కూర్చుంది కానీ సూదిలో దారం ఎక్కించలేకపోయింది. ఆయనకి ఆ ఒక్క అక్షరం తోచకపోయి ఉంటే తన బతుకేమయ్యేదోనన్న దడ ఆ రోజంతా తగ్గలేదు.

ఏడాది తిరిగేసరికి ఆయనకి 'లో', 'కి' రెండూ పలికాయి. మిగతావి రాలేదు. పత్రికవాళ్ళు పదకేళి ఇంకొకరికి అప్పగించారు. ఆవిడ మాత్రం వీధి మలుపు దాకా వెళ్ళాలన్నా, ఎక్కడికి వెళ్తోందో చీటీ మీద పూర్తి వాక్యంగా రాసి, ఆయన జేబులో పెట్టి వెళ్తోంది.