మావయ్య పోటీ, నా కొర్రన్నం

మా ఊరి పంచాయతీ ఎన్నికలకు నేను తెచ్చిన ముప్పు గురించి చెబుతాను. ఇందులో నేను గెలవనని ముందే చెప్పేస్తున్నాను. రొంపిచెర్ల పక్కన మా ఊళ్ళో రెండు వర్గాల వాళ్ళను ఒకే వసారాలో కూర్చోబెట్టడం ఎంతటి పెద్దమనుషుల వల్లా కాలేదు. నేను ఒక్క కుక్కరుతో చేసేశాను.

మా మావయ్యగారికి సుగర్ వచ్చింది. నరసరావుపేట డాక్టరుగారు "అన్నం తగ్గించండి" అన్నారు. తగ్గించడమనేది నా ఒంటికి పడదు. ఏదైనా పూర్తిగా చెయ్యాల్సిందే. పైగా ఇదే జబ్బుతో మా నాన్నకి కాలి వేలు తీసేశారు. ఆ కట్టు నా కళ్ళతో చూశాను. నిజంగా భయం వేసింది. అంత భయపడ్డ మనిషి చేతిలో ఫోనూ, ఫోను నిండా ఆరోగ్యం వీడియోలూ ఉంటే ఏమవుతుందో ఇక చూడండి.

బియ్యం డబ్బా అటకెక్కింది. బొల్లాపల్లి వైపు రైతుల దగ్గర పురుగుమందు కొట్టని కొర్రలు బస్తా తెప్పించాను. పెరట్లో పేడ ఎరువు వేసి గోంగూర, బీర, టమాటా పెంచాను. ఇంతవరకూ మీరు మెచ్చుకోవచ్చు. ఆ తర్వాత నూనె తీసేశాను. ఆవకాయ జాడీ దాచేశాను. చివరికి కారం కూడా మానిపించాను. సుగర్‌కీ కారానికీ సంబంధం ఏంటంటారా? వీడియోలో ఒకావిడ చెప్పింది, నేను చేశాను. వసారాలో మిరపకాయల టిక్కీలు, బస్తాలకు బస్తాలు, పేర్చుకుని చప్పిడి కూర తిన్న కుటుంబం పల్నాడు మొత్తానికీ మాదొక్కటే అయ్యుంటుంది. నేను మాత్రం వంటింట్లో తలుపు చాటున జంతికలు తినేదాన్ని. వండే మనిషికి ఓపిక ఉండాలి కదండీ!

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మావయ్య అత్తయ్య వంక చూశారు.

"ఏమే, ఇదేంది?"

"కొర్రన్నమంట. ఆరోగ్యమంట. తిను."

"ఉప్పేదే?"

"అదీ మానేశాం మావయ్యా," అన్నాను గర్వంగా.

ఆయన మెతుకు మిగల్చకుండా తిని లేచారు. నేను గెలిచాననుకున్నాను.

అప్పటి నుంచి మావయ్యకి ఎక్కడలేని బంధుప్రీతి పుట్టుకొచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి తెల్లపంచె కట్టేవారు.

"సుబ్బయ్య వాళ్ళ నాయన పెద్దకర్మ. పోకపోతే బాగోదమ్మా."

"ఏ సుబ్బయ్య మావయ్యా?"

"ఉన్నాళ్ళే."

ఒకరోజు ఓణీల ఫంక్షన్, ఇంకోరోజు గృహప్రవేశం. పక్కూళ్ళో ఎవరికో బోర్లో నీళ్ళు పడ్డాయని భోజనాలు పెడితే అక్కడికీ వెళ్ళారు. ఆ పంచెలు ఇస్త్రీ చేసి పంపిందెవరనుకున్నారు? నేనే.

టెస్టు చేయిస్తే సుగర్ దిగకపోగా ఇంకా ఎక్కింది. "కొర్రలు తింటే పెరగటమేందమ్మా?" అన్నారు మావయ్య, పసిపిల్లాడిలా మొహం పెట్టి. నేను హడలిపోయి కాకరకాయ రసం కూడా మొదలుపెట్టాను.

మా వైపు పిలవని పెద్దకర్మకి కూడా వెళ్ళి, పంక్తిలో కూర్చుని, పేరుపేరునా పలకరించే మనిషి కనబడితే జనానికి ఒకటే అర్థం. ఎలక్షన్లో నిలబడుతున్నాడని! ఓ ఆదివారం పొద్దున్నే సర్పంచి కోటయ్యగారు తన మనుషులతో వచ్చారు. వెనకాలే ఆయనంటే పడని వర్గం వాళ్ళు పూలదండతో వచ్చారు.

"బావా, నా మీద నిలబడతన్నావంటగా?" అన్నారు సర్పంచి.

"నేనా? ఎవురు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేంది! ఈ చుట్టుపక్కల నువ్వు కూర్చోని పంక్తి ఉందా?"

"నిలబడు పెదనాన్నా! చానామంది నీ ఎనకాలున్నారు," అని అరిచాడు దండ పట్టుకున్నతను.

మాటా మాటా పెరిగింది. కుర్చీలు పక్కకి జరిగాయి. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు మావయ్య లేచి ఒక్క కేక వేశారు.

"ఒరేయ్, ఆగండ్రా! నాకు ఓట్లొద్దు. నేను పోయింది అన్నం కోసంరా!"

అందరూ నా వంక తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సర్పంచిగారికి నమ్మకం కుదరలేదు. "అన్నమేంది బావా? మీ ఇంట్లో లేకనా?"

అత్తయ్య లోపలికెళ్ళి కొర్రన్నం, చప్పిడి బీరకాయ కూర గిన్నెలో తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఓ ముద్ద నమిలారు. చాలాసేపు నమిలారు. గిన్నె అవతలి వర్గానికి అందించారు. వాళ్ళూ తిన్నారు. దండ పట్టుకున్నతను దండ కిందపెట్టి మంచినీళ్ళడిగాడు.

"నిలబడకుండా ఉండాలంటే నీకేం కావాల బావా?" అన్నారు సర్పంచి, ఈసారి మెత్తగా.

మావయ్య నాతో అన్నారు. "నీ భయం నాకు తెలుసమ్మా. మీ నాయన కాలు నేనూ చూశా. కొర్రలే పెట్టు, కాదన్ను. కాకపోతే ఉప్పెయ్యి, కారమెయ్యి. మధ్యాన్నం ఒక్క గరిటెడు అన్నం పెట్టు. ఇంకే పందిట్లోకీ పోను."

నాకు ఏడుపొచ్చింది. నా మీద కోపంతో కాదు, నా భయం అర్థమయ్యే ఆయన ఇన్నాళ్ళూ నోరెత్తలేదని.

సర్పంచిగారు చేతులు జోడించారు. "ఒప్పుకో తల్లీ. ఊరు బాగుపడుద్ది." అవతలి వర్గం వాళ్ళూ తలలూపారు. మా ఊళ్ళో ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం నాకు తెలిసి అదొక్కటే.

ఆ రోజే పెరట్లో గోంగూర కోసి, ఎండుమిరపకాయలు వేయించి పచ్చడి నూరాను. కొర్రల్ని వండేముందు నానబెట్టాలన్న సంగతి కూడా అప్పుడే అత్తయ్య చెప్పింది. ఆ కొర్రన్నాన్ని మావయ్య మారు అడిగి పెట్టించుకున్నారు. తర్వాతి టెస్టులో సుగర్ బాగా దిగింది. "ఏం చేశారండీ?" అని డాక్టరుగారు ఆశ్చర్యపోతే మావయ్య గంభీరంగా, "రాజకీయాల్లోంచి తప్పుకున్నానండీ," అన్నారు.

ఇక నా ప్రమాణం వినండి. నేను నమిలి మింగలేని ముద్దను, అది ఎంత ఆరోగ్యమైనా సరే, ఏ వీడియోలో ఎవరెంత పొగిడినా సరే, ఈ జన్మలో ఇంకొకరి కంచంలో వడ్డించను.