నర్సమ్మ ఊరి పెద్ద చర్చి

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో మా తిరువూరు దాటి కొంచెం దూరం పోతే హైదరాబాదు రాష్ట్రమే. మా కిరాణా కొట్టు వెనక గదిలో ఆసుపత్రి నర్సమ్మ అద్దెకుండేది. మలయాళీ. ఆదివారం ఊళ్ళోని చర్చికి వెళ్ళొచ్చి, మళ్ళీ తన గదిలో నెత్తిన కొంగు కప్పుకుని, తూర్పుకు తిరిగి నిలబడి ప్రార్థన చేసుకునేది. చర్చికి వెళ్ళొచ్చిన మనిషికి మళ్ళీ ఇదేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు బియ్యం చెరుగుతూ అడిగేశాను.

"ఇక్కడి చర్చి వేరండి, మాది ఆర్థడాక్స్," అంది. "మాదీ ఇలాగే సరిహద్దు ఊరు. ఇవతల కొచ్చి సీమ, అవతల మలబారు జిల్లా. మా పెద్ద చర్చి ఎప్పుడు కట్టారో ముసలివాళ్ళకే తెలీదు. గోడలు ఇంత మందం." చేతులు బార్లా చాపింది. "లోపల బలిపీఠం ముందు తెర ఉంటుంది. అది వేసినప్పుడు అందరం నిలబడి ఎదురుచూస్తాం. సాంబ్రాణి పొగ కమ్ముకుంటుంది."

మా అత్తగారికి నెమలి వేణుగోపాలస్వామి అంటే ప్రాణం. చర్చి మాటెత్తితే మొహం తిప్పుకునే మనిషి, వంటింట్లోంచి వచ్చి మా పక్కన కూర్చున్నారు.

"తెరా? మా స్వామికీ ఆరగింపప్పుడు వేస్తారు. మీ తెర వెనక ఏముంటుంది?"

"రొట్టె, ద్రాక్షరసం అండి."

"పాటలు మీ అరవంలోనేనా?"

"కొన్ని మలయాళం, కొన్ని సురియాని. అది మా పూజల పాత భాషండి."

పాడమన్నాను. కళ్ళు మూసుకుని సన్నగా పాడింది. అర్థమేమిటని అడిగితే నవ్వింది. "సగమే తెలుసండి. మా అమ్మమ్మ నేర్పింది."

"మా గుళ్ళో ఆచార్యులుగారి సంస్కృతం నాకు మాత్రం తెలుసా," అన్నారు అత్తగారు.

తరవాత నర్సమ్మ సెలవు మీద ఊరెళ్తుంటే, అత్తగారు కొట్లోంచి మేలురకం సాంబ్రాణి తీసి పొట్లం కట్టారు. "మీ చర్చిలో వేయించమ్మాయ్."

"మనమిస్తే తీసుకుంటారంటారా అత్తయ్యా?" అన్నాను.

"పంపితేనే కదా తెలిసేది."

తిరిగొచ్చిన నర్సమ్మను పెట్టె దించనివ్వకుండానే అడిగాను.

"ఎవరిచ్చారన్నారు ఫాదర్‌గారు. నేను అద్దెకుండే ఇంటి అమ్మగారు, హిందువులని చెప్పాను. వాసన చూసి, మంచి సరుకన్నారు. ఆదివారం పూజలో వేశారండి."

అత్తగారు తలూపి కొట్లోకి వెళ్ళారు. సాయంత్రం దాకా కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ మన సాంబ్రాణి కొచ్చి దాకా వెళ్ళిందని చెబుతూనే ఉన్నారు. వాళ్ళలో చాలామందికి కొచ్చి ఎక్కడుందో తెలియదు. నాకూ తెలియదు. చీకటి పడకముందే నర్సమ్మ చేత అరుగు మీద సుద్దముక్కతో దారి గీయించుకున్నాను.