చిల్లగింజ తేర్చిన నీళ్లు

మా ఊరి చెరువును ఒక్క చిల్లగింజతో అద్దంలా తేర్చినవాణ్ణి నేను. బీరంగూడ ఛాయ్ హోటల్లో ఈ ముచ్చట చెప్పి ఎందరిచేత నోళ్లు తెరిపించానో. సరే, చెరువు కాదు, కడవ. కడవ మాత్రం నిజం.

చిల్లచెట్టు హత్నూర దిక్కు అడవంచున ఇంకా ఉంది. పశువుల వెంట తిరిగే రోజుల్లో దాని పండ్ల గుజ్జు చప్పరించేవాళ్లం. కట్టె నాగళ్లకు పోయేది. గింజలను మాత్రం అమ్మ ఉట్టిలో దాచేది. వానాకాలం వాగునీళ్లు ఎర్రగా వస్తే, కడవ లోపల గింజను అరగదీసి నీళ్లు పోసేది. కాసేపటికి మట్టంతా అడుగుకు దిగేది. పైన తేరినవి తాగేవాళ్లం.

తర్వాత ఎగువన కంపెనీలు లేచాయి. మా బోరు నీళ్లు డికాషన్ రంగుకు తిరిగాయి. ఇక ట్యాంకరే దిక్కయింది. పోయిన ఎండాకాలం అది కూడా రావడం మానింది. ఇంట్లో మిగిలిన నీళ్లు మనుషులకే చాలవు. కొట్టంలో నెలలు నిండిన సూడి బర్రె నాలుక బయటపెట్టి నిలబడింది. అమ్మ దాచిన గింజ వెతికి తీశాను. బోరు నీళ్లు నిజంగానే తేరాయి. వాడకట్టంతా పిలిచి చూపించాను.

మా ఇంటామె వచ్చి కడవ మీదికి వంగి వాసన చూసింది.

"రంగు పోయింది గని కంపు గట్లనే ఉన్నది. బర్రెకు పొయ్యకు."

"మా అమ్మ గిట్లనే తేర్చి తాపింది. నేను సచ్చిన్నా?"

"అత్త తేర్చింది వాగుల మట్టి. గిది మట్టేనా?"

నలుగురూ చూస్తున్నారు. వెనక్కి తగ్గబుద్ధి కాలేదు. కడవ ఎత్తుకుని కొట్టంలోకి పోయాను.

దూడ చచ్చి పుట్టింది. పడుకున్న బర్రె మళ్లీ లేవలేదు. ఏం తాపారని పశువుల డాక్టరు అడిగితే, ట్యాంకరు నీళ్లేనన్నాను. ఇప్పుడా కొట్టానికి రేకులు వేయించి కంపెనీ కూలీలకు కిరాయికిచ్చాం.

మొన్న నా బావమరిది వచ్చి, బర్రె ఏదని అడిగాడు. ఉన్నదున్నట్టే చెప్పాను: దూపకు ఆగలేక తనే కడవలో మూతి పెట్టింది, నేను వద్దంటున్నా వినకుండా చివరి చుక్కదాకా తాగింది అని. మా ఇంటామె గిన్నెలు తోముతోంది. తల ఎత్తలేదు.

"అది తాగలే. వాసన జూసి మూతి తిప్పుకున్నది. మందు పోసే గొట్టం నోట్ల వెట్టి నువ్వే పోసినవ్."